రుజువు చేయాల్సింది ఎవరు?

సంపాదకులకు నమస్కారం.

ఆస్ట్రేలియాలో స్థిరపడిన పిల్లలున్న కుటుంబాలు మా బొబ్బిలి ప్రాంతంలోనూ ఉన్నాయి. మాదీ వాటిలో ఒకటి. అక్కడ పాలన పద్ధతిగా సాగుతుందని, నాయకుల మీద విసుగు మన దగ్గరే ఎక్కువని చాలామంది అంటుంటారు. కానీ 2019 ఎన్నికల తర్వాత అక్కడి విశ్వవిద్యాలయ పరిశోధకులు జరిపిన సర్వేలో, ప్రభుత్వంలో ఉన్నవారిని నమ్మవచ్చని చెప్పినవారు నూటికి పాతికమందే. ఓటు వేయకపోతే 20 డాలర్ల జరిమానా ఉన్న దేశం కనుక పోలింగ్ శాతాన్ని చూసి ఈ అసంతృప్తిని అంచనా వేయలేం.

దీనికి కారణాలు లేకపోలేదు. 2010 నుంచి 2018 వరకు నాలుగుసార్లు ప్రజల తీర్పుతో పని లేకుండా, అధికార పార్టీ ఎంపీల నిర్ణయంతోనే ప్రధానమంత్రులు మారిపోయారు. స్కాట్ మారిసన్ ప్రధానిగా ఉండగా మరో ఐదు శాఖల అధికారాలను గుట్టుగా తన చేతిలో ఉంచుకున్నారని 2022లో బయటపడింది. అయితే సామాన్యుడి నమ్మకాన్ని లోతుగా గాయపరిచింది మాత్రం ‘రోబోడెట్’ అని పిలిచే బాకీల వసూలు పథకమేనని నా అభిప్రాయం.

ఆరు నెలలు పనిచేసి 26 వేల డాలర్లు సంపాదించి, మిగతా ఆరు నెలలు పని దొరకక ప్రభుత్వ భృతి తీసుకున్న ఒక మనిషిని ఊహించండి. ఆ 26 వేలను 26 భాగాలు చేసి, ఏడాది పొడవునా ప్రతి రెండు వారాలకు వెయ్యి డాలర్లు వచ్చినట్లు కంప్యూటర్ లెక్క కట్టింది. పని లేని రోజుల్లోనూ సంపాదన ఉన్నట్లు తేల్చి, తీసుకున్న భృతిని తిరిగి కట్టమని నోటీసు పంపింది. కాదనేవారు ఏళ్ల నాటి జీతం చీటీలు వెతికి తెచ్చుకోవాలి. ట్రెజరీలో 31 ఏళ్లు పింఛను బిల్లులు చూసినవాడిగా చెబుతున్నాను: సగటు అంచనాకు పనికొస్తుంది గాని, ఒక మనిషి బాకీ తేల్చడానికి పనికిరాదు. రికవరీ వేసే ముందు ఆ నెల లెక్క చూడాలన్నది మాకు ఉద్యోగంలో చేరిన కొత్తలోనే నేర్పిన సంగతి.

ఈ పద్ధతికి చట్టంలో ఆధారం లేదని 2014లోనే ఆ ప్రభుత్వ న్యాయ సలహాదారులు చెప్పారు. అయినా పథకం 2019 నవంబరు దాకా నడిచింది. నాలుగు లక్షల మందికి పైగా పేదల మీద 170 కోట్ల డాలర్లకు మించిన అక్రమ బాకీలు మోపారు. ఆ ఒత్తిడి తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్న యువకుల తల్లులు, దీనిపై ప్రభుత్వం నియమించిన విచారణ సంఘమైన రాయల్ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పారు. ఈ పథకం న్యాయమూ కాదు, చట్టబద్ధమూ కాదని కమిషనర్ కేథరిన్ హోమ్స్ 2023 జులైలో తన నివేదికలో తేల్చారు.

తర్వాత జరిగింది ఇంకా బాధాకరం. రాయల్ కమిషన్ పరిశీలనకు పంపిన ఆరుగురి వ్యవహారంపై విచారణ అక్కర్లేదని, 2023లోనే ఏర్పడిన జాతీయ అవినీతి నిరోధక కమిషన్ 2024 జూన్‌లో ప్రకటించింది. ప్రజలు వందల సంఖ్యలో ఫిర్యాదులు చేసి, ఆ నిర్ణయం తీసుకున్న తీరును అవినీతి నిరోధక కమిషన్ పనితీరు చూసే పర్యవేక్షకురాలు తప్పుపట్టిన తర్వాత, 2025 ఫిబ్రవరిలో గాని విచారణకు అంగీకరించలేదు.

దూరదేశపు ఈ సంగతి ఇంత వివరంగా రాయడానికి కారణం మా వీధిలోనే ఉంది. ఒంటరిగా బతుకుతున్న ఒక వృద్ధురాలి ఆధార్‌కు ఎక్కువ వాడకమున్న ఎవరిదో కరెంటు మీటరు ముడిపడడంతో ఆమె పింఛను కొన్ని నెలలు ఆగిపోయింది. “నాకున్నది ఒక్క బల్బే కదా బాబూ” అని ఆమె అడుగుతుంటే, దరఖాస్తు రాసిపెట్టడానికి వెంట వెళ్లిన నేను జవాబు చెప్పలేకపోయాను. సిస్టంలో అలాగే చూపిస్తోందని అక్కడి ఉద్యోగి అన్నారు. ఆయన మంచివారే, సరిచేసే అధికారం మాత్రం ఆయనకు లేదు. తనది కాని మీటరు తనది కాదని ఆమే నిరూపించుకోవలసి వచ్చింది.

పింఛను ఆపేముందు ఒక అధికారి ఇంటికి వచ్చి విచారించాలని, కారణాన్ని తన పేరు, సంతకంతో తెలుగులో రాసి ఇవ్వాలని, తప్పు రుజువయ్యే వరకు చెల్లింపు ఆగకూడదని మీ పత్రిక ద్వారా ప్రభుత్వాన్ని కోరుతున్నాను. అన్ని పార్టీల శాసనసభ్యులూ దీనిపై సభలో మాట్లాడేలా మీరు ఒత్తిడి తేవాలని నా విన్నపం.

ఇట్లు,
ఒక విశ్రాంత ట్రెజరీ ఉద్యోగి,
బొబ్బిలి, విజయనగరం జిల్లా.