గొంతుకు తగిన జపనీస్ పాట

సంపాదకులకు,

బరంపురంలో జపనీస్ నేర్చుకుంటున్న మా వీధి కుర్రాళ్ళు మొన్న మేడమీద కరోకే పెట్టుకుని, నేటి జపాన్ పాప్ గాయకుల తారస్థాయి పాటలు ఎత్తుకోగా, చరణం చేరేసరికి ఒకబ్బాయి గొంతు కీచుమని ఆగిపోయింది. నవ్వులపాలైన అతడు మళ్ళీ మైకు ముట్టలేదు. తప్పు గొంతుది కాదు, ఎంపికది.

పాడే అలవాటు లేని మగవారు 1961లో క్యూ సకమోతో పాడిన ‘ఉఎ ఓ ముయితె అరుకో’తో మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం. నడక నింపాదిగా ఉంటుంది. పల్లవి చాలావరకు మధ్యమ నిషాదాలు లేని స్వరాల మీద, అంటే మన మోహన రాగపు మెట్ల మీద సాగుతుంది. మాటలు కూడా ఎక్కువగా తెలుగులాగే అచ్చుతో ముగుస్తాయి గనుక మన లిపిలో రాసుకుంటే నోరు త్వరగా తిరుగుతుంది. పాటలో ఈల కూడా ఉంది, అది మనవాళ్ళకు ఎవరూ నేర్పనక్కరలేదు! సకమోతో గొంతు విరిచే చోట్లను మాత్రం అనుకరించబోకూడదు. పైస్వరం అందకపోతే సిగ్గుపడక, కరోకే యంత్రంలో శ్రుతిని రెండు మూడు మెట్లు దించుకుని, ముందురోజే ఒకసారి పాడి చూసుకోవాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా