క్యాప్చర్ కార్డులన్నీ వెనక్కి తీసుకుంటున్నాం

సంక్రాంతి తర్వాత మా దగ్గర స్ట్రీమింగ్ కిట్ కొన్నవాళ్లందరికీ ఇది. మైకు, వెబ్‌క్యామ్, లైటు బాగానే పనిచేస్తున్నాయి, వాటి జోలికి పోవడం లేదు. తేడా వచ్చింది క్యాప్చర్ కార్డులో, అంటే కన్సోల్‌లో ఆడే గేమ్ బొమ్మని పీసీలోకి తెచ్చే పరికరంలో.

డబ్బా మీద 4కె, 60 ఎఫ్‌పీఎస్ (సెకనుకు 60 ఫ్రేములు), యూఎస్‌బీ 3.0 అని ఉంటుంది. మొదటి లాట్ వచ్చినప్పుడు ఒకటి విప్పి, పీఎస్5 గేమ్ కన్సోల్‌కి తగిలించి చూశాకే అమ్మాను. 1080పి 60 (ఫుల్ హెచ్‌డీ బొమ్మ, 60 ఫ్రేములు) చక్కగా వచ్చింది. తర్వాతి లాట్‌లో డబ్బా అదే, స్టిక్కర్ అదే, లోపల సరుకు మాత్రం వేరు. బయటపెట్టింది మన ఇంజినీరింగ్ కుర్రాడొకడు, ఫుట్‌బాల్ గేమ్ ఆడతాడు. "అన్నా, టీవీలో బంతి బాగానే ఉంది, స్ట్రీమ్‌లో దానికి తోక వస్తోంది" అన్నాడు. ముందు నెట్ స్లో అనుకున్నాం. స్ట్రీమింగ్‌కీ రికార్డింగ్‌కీ వాడే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్‌లో రికార్డింగ్ పెట్టి చూస్తే అందులోనూ అదే తోక. ఇక నెట్‌ని తిట్టి లాభం లేదు.

ప్లగ్‌లోకి టార్చ్ వేసి చూస్తే సంగతి తెలిసింది. అసలైన యూఎస్‌బీ 3.0 ప్లగ్‌లో ముందు నాలుగు పిన్నులు, వాటి వెనక ఇంకో ఐదు ఉంటాయి. దీంట్లో ఉన్నవి ఆ నాలుగే. ప్లాస్టిక్‌కి నీలం రంగు మాత్రం వేశారు, చూడగానే 3.0 అని నమ్మేస్తామని. యూఎస్‌బీ 2.0లో సెకనుకు 480 మెగాబిట్లకు మించి పోవు. 1080పి 60ని కుదించకుండా పంపాలంటే దాదాపు 2000 కావాలి. లారీ లోడు ఆటోలో కుక్కినట్టే. అందుకే ఆ కార్డు బొమ్మని నలిపి పంపుతుంది, అదీ 30 ఫ్రేములే. మీ కార్డు ఎలాంటిదో మీరే చూసుకోవచ్చు. ఓబీఎస్‌లో వీడియో క్యాప్చర్ డివైస్ ప్రాపర్టీస్ తెరిచి, 1080పి పెట్టి, ఫార్మాట్ వైయూవై2కి (వీడియోని కుదించకుండా పంపేది) మార్చండి. బొమ్మ ఆగి ఆగి కదిలితే అది ఈ లాటే.

ఆ డీలర్‌తో షాపు పెట్టినప్పటి నుంచి లావాదేవీలున్నాయి. ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? "మీ దగ్గరికొచ్చేది కొత్తవాళ్లే కదండీ, వాళ్లకి ఈ తేడా ఏం తెలుస్తుంది?" డబ్బు పోయినందుకు కాదు, ఆ మాటకి ఒళ్లు మండింది. కొత్తవాళ్లకి తెలియజెప్పడమే మా వ్యాపారం. వాళ్లకి తెలియదు కదా అని అంటగట్టాలంటే ఆదివారం ఆదివారం క్లాసులు పెట్టడం ఎందుకు? క్రెడిట్ నోట్ ఇస్తానన్నాడు, అంటే మళ్లీ తన దగ్గరే కొనాలి. అక్కర్లేదన్నాను. మా తమ్ముడికి ఇది అస్సలు నచ్చలేదు. లెక్కలు చూసేది వాడే మరి.

నాకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం ఇంకోటి. మీలో చాలామంది 720పిలోనే స్ట్రీమ్ చేస్తారు. 720పి 60 వరకూ ఈ కార్డు ఇస్తుంది, తేడా కంటికి ఆనదు. "అడిగినవాళ్లకి మార్చి ఇద్దాం, అడగనివాళ్లకి మనమే ఫోన్ చేసి చెప్పడం దేనికి" అన్నాడు తమ్ముడు. లెక్క ప్రకారం వాడిదే రైటు. మంచి కార్డుకి పాతదానికి రెండింతల పైనే పడుతోంది, ఆ తేడా మిమ్మల్ని అడగలేను. ఈ మెసేజ్ రాయడం, తీసేయడం, మళ్లీ రాయడం. చివరికి బిల్లు బుక్కు తిరగేస్తే ప్రతి కిట్ పక్కన నా చేతిరాతే కనిపించింది: "1080పి 60". ఎవరు అడిగినా అడగకపోయినా అలా రాసిచ్చింది నేను. అందుకే అందరికీ మారుస్తున్నాం. తమ్ముడు రెండ్రోజులు మాట్లాడలేదు, ఫర్వాలేదు.

బిల్లు లేకపోయినా కార్డు తెస్తే చాలు. కొత్తవి వేరేచోట నుంచి కొద్దికొద్దిగా వస్తున్నాయి, కాబట్టి కన్సోల్ వాళ్లకి ముందు ఇస్తాం. ప్రతి కార్డూ మీ ఎదుటే ఓబీఎస్‌లో పెట్టి చూపిస్తాం. కార్డు వద్దు, డబ్బే కావాలన్నా ఇస్తాం. కౌంటర్ దగ్గర తమ్ముడు మొహం ముడుచుకుంటే పట్టించుకోకండి.

ఇకనుంచి కిట్‌లో కార్డు కలపం, కావలసినవాళ్లకి విడిగా అమ్ముతాం. ఆడేది, స్ట్రీమ్ చేసేది ఒకే పీసీలో అయితే అసలు కార్డే అక్కర్లేదు. ఓబీఎస్‌లో గేమ్ క్యాప్చర్ చాలు, ఎన్విడియా గ్రాఫిక్స్ ఉంటే ఎన్‌కోడర్‌గా (స్ట్రీమ్ కోసం వీడియోని కుదించేది) ఎన్‌వెంక్ పెట్టుకోండి. పీఎస్5 నుంచి కూడా యూట్యూబ్‌కి, ట్విచ్‌కి నేరుగా లైవ్ వెళ్లొచ్చు. స్క్రీన్ మీద అలర్ట్‌లు, చాట్, మీ లోగో మీకు నచ్చినట్టు పెట్టుకోవాలంటేనే కార్డు కొనండి. ఈ మాట వల్ల అమ్మకం తగ్గితే తగ్గనీ.

ఆదివారం క్లాసు మామూలే. కొత్త ఛానెల్ వాళ్లు ముందు రోజే యూట్యూబ్‌లో లైవ్ ఆన్ చేసి రండి, మొదటిసారి 24 గంటల దాకా పట్టొచ్చు. పీఎస్5 తెచ్చేవాళ్లు సెట్టింగ్స్‌లో హెచ్‌డీసీపీ (బొమ్మని కాపీ చేయనివ్వని తాళం లాంటిది) ఆపి తీసుకురండి, లేకపోతే ఎంత మంచి కార్డు పెట్టినా బొమ్మ రాదు.