కేబుల్ కంపెనీల పేటెంటు గొడవ ఆపరేటర్ల మెడకా?

సంపాదకులకు,

అంబాజీపేట చుట్టుపక్కల ఊళ్లలో కేబుల్ టీవీ, ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చి బతుకుతున్నవాణ్ని. ఈమధ్య మా ఆపరేటర్ల వాట్సాప్ గ్రూపులో ఒక ఇంగ్లీషు నోటీసు తిరుగుతోంది. ఒక కేబుల్ కంపెనీ తన పోటీ కంపెనీ మీద పేటెంటు కేసు వేసిందట. పోటీ కంపెనీ డ్రాప్ కేబుల్ వాడినవాళ్లు కూడా బాధ్యులేనట. ఆ దెబ్బకు రాజమండ్రి డీలరు సరుకు ఆపేశాడు. స్తంభం నుంచి ఇంటికి లాగిన వైరంతా పీకేయాలా అని కుర్రాళ్లకు టెన్షన్.

పేటెంట్లు వద్దని నేననను. ఒకప్పుడు కేబుల్ ట్యూబు కోస్తే, తడి చొరకుండా నింపిన జెల్లీ కారేది. స్ప్లైసింగ్‌కు, అంటే అతికించడానికి ముందు ఒక్కో ఫైబర్ (వెలుగును మోసే గాజు పోగు) తుడిచేసరికి చేతులన్నీ జిడ్డు. ఇప్పుడు కొన్నింటిలో జెల్లీ బదులు తడి తగిలితే ఉబ్బే దారం పెడుతున్నారు. వానాకాలంలో కాలవ గట్టున కూర్చుని ఫైబర్ అతికించేవాడికి దాని విలువ తెలుసు. కొత్తది కనిపెట్టినవాడికి దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్ల హక్కు ఇవ్వడం న్యాయమే.

కానీ ఏది కాపీయో మేమెలా చెప్పగలం? ఫైబర్ మధ్యలోని కోర్‌లో వేరే పదార్థం కలిపే పద్ధతికి అమెరికాలోని కార్నింగ్ 1970లో దరఖాస్తు పెట్టి పేటెంటు పొందింది. జపాన్‌కు చెందిన సుమిటోమో ఒక రకం ఫైబర్‌లో కోర్‌ను శుద్ధ సిలికా గాజుగానే వదిలి, పై పొరలో ఫ్లోరిన్ కలిపింది. ఎలా చేసినా వెలుగు కోర్ దాటిపోదు. పొర మారినా పని ఒకటే కాబట్టి ఇది ఉల్లంఘనేనని 1987లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు తేల్చింది, 1989లో అప్పీలు కోర్టూ ఔనంది. నిపుణులు, లాయర్లు అంతకాలం వాదించుకున్న సంగతి నేను స్ట్రిప్పర్‌తో తొక్క తీసి కనిపెట్టాలా?

మన పేటెంట్ల చట్టం 48వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా వాడటాన్ని కూడా హక్కుదారు ఆపించవచ్చు, నిజమే. నోటీసులో అంతవరకే రాశారు. పేటెంటు ఉందని తెలియక, తెలిసే దారి లేక వాడినట్టు రుజువు చేసుకుంటే నష్టపరిహారం కట్టక్కర్లేదని 111 చెబుతోంది. ఆధారం లేకుండా బెదిరిస్తే 106 కింద మనమే కోర్టుకు వెళ్లొచ్చు. ఆ రెండూ వదిలేశారు. పైగా కేసు వేసినంత మాత్రాన గెలిచినట్టు కాదు. అసలు పేటెంటే చెల్లదని ఎదుటివాళ్లు కౌంటర్ వేస్తే, కేసు జిల్లా కోర్టు నుంచి హైకోర్టుకు వెళ్తుంది.

అన్నిటికంటే విడ్డూరం, నోటీసులో పేటెంటు నంబరే లేదు! నంబరుంటే పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు, గడువు తీరిందో లేదో తెలుస్తుంది. అది చూశాక కూడా కొంటే తెలియదనే మాట మాకు చెల్లదు, ఒప్పుకుంటాను. కాబట్టి నంబరు, ఏ మోడల్ కేబులో ఆ వివరం, కోర్టు ఉత్తర్వు ఉంటే దాని కాపీ తెలుగులో పంపమనండి. కాగితం చూడకుండా డీలర్లు సరుకు ఆపకూడదు.

తుపాన్ల సీజన్ దగ్గరపడుతోంది. కొబ్బరి మట్టలు పడి వైర్లు తెగుతాయి, కాయిల్స్ ఇప్పుడే తెచ్చి పెట్టుకోవాలి. మా డీలరు మాత్రం కేసు సాకు చెప్పి వేరే కంపెనీ కాయిల్‌ను ఎక్కువ రేటుకు అంటగడుతున్నాడు. ఆ సంగతి కూడా మీ విలేకరులు కాస్త ఆరా తీయాలి.

– ఓ కేబుల్ ఆపరేటర్, అంబాజీపేట, కోనసీమ జిల్లా