కాన్పుకు పుట్టింటికి వెళ్లే తల్లికి మాత్ర ఆగకూడదు

కర్ణాటక ఆరోగ్యశాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను బెంగళూరులో మారతహళ్లి దగ్గర ఉంటాను. కదిరి, హిందూపురం వైపు నుంచి బిల్డింగ్ పనులకు వచ్చిన కుటుంబాలు మా చుట్టూ చాలా ఉన్నాయి. కన్నడ రాని గర్భిణులకు తోడుగా ఆసుపత్రికి వెళ్తుంటాను.

పోయిన ఏడాది ఐదో నెలలో ఉన్న ఒక అమ్మాయికి హెచ్‌ఐవీ ఉందని పరీక్షలో తేలింది. కౌన్సిలర్ గదిలోంచి వచ్చి, మెట్ల మీద కూర్చుని తనే నాకు చెప్పింది. "ఆమె కన్నడలో అర్థ ఆయ్తా, అంటే అర్థమైందా అన్నప్పుడల్లా తలూపినాను. కాన్పు అయినాక ఈ మాత్రలు నిలిపేయొచ్చా అక్కా?" అని అడిగింది. బతికినన్నాళ్లూ రోజూ వేసుకోవాలన్న ముఖ్యమైన మాటే ఆమెకు చేరలేదు.

మందు లేకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం నూటికి 15 నుంచి 45 దాకా ఉంటుంది. మాత్రలు తల్లి రక్తంలో వైరస్‌ను అణిచేస్తాయి. గర్భంతో ఉన్నప్పుడే మొదలుపెట్టి, పాలిచ్చేటప్పుడూ మానకుండా వేసుకుంటే, పుట్టగానే బిడ్డకు నెవిరపిన్ అనే మందు సిరప్ పట్టిస్తే, అది 5 లోపుకు దిగుతుంది. ఈ మందులన్నీ ప్రభుత్వం ఉచితంగానే ఇస్తోంది, అందుకు కృతజ్ఞతలు.

మరి చిక్కెక్కడ? మా వాళ్లలో తొలి కాన్పు పుట్టింట్లోనే. ఏడో నెల దాటాక ఆ అమ్మాయి మెజెస్టిక్ బస్టాండులో బస్సెక్కింది. మాత్రల సీసా గలగలమంటే ఎవరైనా అడుగుతారని లోపల దూది కుక్కుకుంది. చేతిలో కన్నడలో ఉన్న తాయి కార్డు (గర్భిణులకు ఇచ్చే కార్డు) తప్ప మరో కాగితం లేదు. సీసా ఖాళీ అయ్యాక పదకొండు రోజులు మాత్ర లేకుండా గడిచింది. పుట్టిన ఊళ్లో ఎవరిని అడగాలన్నా భయమే.

మంత్రి గారూ, మొదటి రోజే "కాన్పు ఎక్కడమ్మా?" అని అడిగేలా చూడండి. ఆంధ్ర అంటే, బస్సెక్కే ముందే చాలినన్ని మాత్రలు, బదిలీ చీటీ ఇచ్చి, ఆ జిల్లాలో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కు ఇక్కడి వాళ్లే ఫోన్ చేయాలి. 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం చెప్పినట్టు ఆమె విషయం బయటపడకుండా, ఆమె ఒప్పుకున్నాకే. ఫోన్లో అయినా తెలుగులో వివరించే కౌన్సిలర్ ఒకరు కావాలి.

ఆ బిడ్డకు ఆరు వారాల పరీక్షలో నెగెటివ్ వచ్చింది. 18 నెలల పరీక్ష ఇంకా ఉంది. తల్లి రోజులు లెక్కపెట్టుకుంటోంది.

ఇట్లు,
మారతహళ్లి నుంచి ఒక తెలుగు ఆడబిడ్డ