‘అన్‌లోడింగ్ మీ స్కోప్’ అంటే నడిరోడ్డా?

సంపాదకుడు గారికి,

గాజువాక ఆటోనగర్‌లో మా మేనల్లుడికి చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. కిందటి నెల అక్కడికి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. 1000 కేవీఏ. నేమ్‌ప్లేటు మీద బరువు మూడు టన్నుల పైచిలుకు. నేను ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను కాబట్టి, ‘మావయ్యా, ఒకసారి వచ్చి నిలబడు’ అన్నాడు.

ఉదయం ఎనిమిదిన్నరకు వెళ్లేసరికి లారీ రోడ్డుకు అడ్డంగా ఉంది. పైన 11 కేవీ కరెంటు లైను. హైడ్రా అప్పటికే బూమ్ (ఎత్తే చేయి) లేపింది (హైదరాబాద్‌లో కట్టడాలు కూల్చే హైడ్రా కాదు, మన వీధుల్లో తిరిగే పసుపు రంగు క్రేన్). బెల్టులు లిఫ్టింగ్ లగ్గులకు (ఎత్తడానికే పెట్టిన కొక్కేలకు) తగిలించలేదు, రేడియేటర్ల (ఆయిలును చల్లబరిచే పలచటి రేకుల) కింద నుంచి చుట్టారు. ఇదేమిటని అడిగితే ‘షాకిళ్లు తేలేదు సార్’ అన్నారు (బెల్టును లగ్గుకు బిగించే ఇనుప కడియాలు). లోడు ఊగకుండా ఒక కుర్రాడు దాన్ని రెండు చేతులతో పట్టుకుని క్రేన్‌తో పాటు నడుస్తున్నాడు. కాళ్లకు హవాయి చెప్పులు. వెనక స్కూలు ఆటో హారన్ మోగుతోంది. నేను అరిచి ఆపించేలోపే ఒక రేడియేటర్ ఫిన్ వంగి, ఆయిలు చుక్కచుక్కగా తారు మీద పడటం మొదలైంది. ఇంత జరుగుతుంటే లారీ డ్రైవర్ ఎల్ఆర్ కాగితం (సరుకు రవాణా రసీదు) చాపి, ‘సంతకం పెట్టేయండి సార్, అనకాపల్లిలో ఇంకో లోడు దించాలి’ అన్నాడు.

ఆ కుర్రాడికి ఏమీ కాలేదు. అది అదృష్టం, మా తెలివేం కాదు.

ఇది ఒక్క షెడ్డు గొడవ అయితే మీకు రాసేవాణ్ని కాదు. మా దగ్గర కొటేషన్లలో చివర ఒక లైను ఉంటుంది: ‘అన్‌లోడింగ్ మీ స్కోప్’, అంటే దింపుకునే బాధ్యత మీదే అని. సరుకు గేటు దాకా తేవడమే అమ్మినవాడి పని. లారీ వాడిది తోలడం వరకే. కొన్న చిన్న యజమాని గంట లెక్కన ఒక క్రేన్‌ను పిలుస్తాడు. అతని షెడ్డులో క్రేన్ తిరిగేంత చోటు ఉండదు. కాబట్టి దింపుడు రోడ్డు మీదే. గంట దాటితే అద్దె పెరుగుతుంది గనక అందరికీ తొందర. బెల్టు ఎక్కడ కట్టాలో, లోడు కింద ఎవరు ఉండకూడదో చెప్పే బాధ్యత మాత్రం ఎవరి స్కోప్‌లోనూ ఉండదు.

క్రేన్ తప్పితే ఏమవుతుందో విశాఖకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2020 ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డులో లోడ్ టెస్టు చేస్తుండగా క్రేన్ కూలి 11 మంది చనిపోయారు. అది పెద్ద క్రేన్, పెద్ద యార్డు, కాబట్టి పేపర్లలో వచ్చింది. ఆటోనగర్‌లో ఒకడి వేలు నలిగితే పక్క వీధికి కూడా తెలియదు. లిఫ్టింగ్ మెషిన్లను, చైన్లను, తాళ్లను ఏడాదికి ఒక్కసారైనా అర్హత ఉన్న మనిషి పరీక్షించాలనీ, ఎంత బరువు ఎత్తవచ్చో వాటి మీద రాసి ఉండాలనీ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్‌లోనే పెట్టారు. గేటు లోపల అయితే ఇన్‌స్పెక్టర్ అడుగుతాడని భయం ఉంటుంది. గేటు బయట రోడ్డు మీద ఆ సర్టిఫికెట్ అడిగేవాడు ఎవరు?

హైడ్రాను ఊరికే తిట్టడం లేదు. అది లేకపోతే ఆటోనగర్ ఒక్క పూట నడవదు. కానీ లోడు ముందు వేలాడుతుంటే డ్రైవర్‌కు ఎదురుగా ఉన్న మనిషి కనపడడు. బండి నడుం దగ్గర మడుచుకుని తిరుగుతుంది కాబట్టి, లోడుతో మలుపు తిప్పితే ఒరిగే ప్రమాదం ఎక్కువ. అందుకే పెద్ద ప్లాంట్లు చాలానే దాన్ని లోపలికి రానివ్వడం మానేశాయి. బెల్టుల సంగతి మరొకటి. రెండు బెల్టులు కడితే ఒక్కోదాని మీద సగం బరువే పడుతుందని మా కలాసీలు (బరువులెత్తే పనివాళ్లు) కూడా అనుకునేవారు. బెల్టులు పొట్టివై, వాటి మధ్య కోణం 120 డిగ్రీలకు విచ్చుకుంటే ఒక్కో బెల్టు మీద మొత్తం బరువు పడుతుంది. మూడు టన్నుల సరుకుకు రెండు టన్నుల బెల్టులు రెండు కట్టి ధీమాగా ఉండేవాళ్లను చాలామందిని చూశాను.

ఇక సంతకం. ఆ రోజు ఎల్ఆర్ మీద ‘రేడియేటర్ ఫిన్ వంగింది, ఆయిల్ లీకు ఉంది’ అని రాసి, ఫొటోలు తీసి, ఆ తర్వాతే సంతకం పెట్టించాను. డ్రైవర్ మొహం మాడ్చుకున్నాడు. బెల్టులు కట్టింది మా వైపు పిలిచిన క్రేన్ వాళ్లే, అందులో మా తప్పూ ఉంది. అయినా ఉన్నది రాయాలి. దారిలో దెబ్బతిన్న సరుకైతే, బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోగా ట్రాన్స్‌పోర్టు వాళ్లకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలని 2007 నాటి రోడ్డు రవాణా చట్టం చెబుతోంది. ఇది తెలిసిన యజమానులు మా వీధిలో ఇద్దరు కూడా లేరు.

దించాక కూడా సరుకుకు గండమే. ప్యానెల్ బోర్డుకు (కరెంటు స్విచ్‌లుండే ఇనుప బీరువాకు) పాలిథిన్ బిగించి, బరకం కప్పి, ‘భద్రంగా ఉంది’ అనుకుంటారు. మన సముద్రపు గాలికి ఆ పాలిథిన్ లోపల చెమట పట్టి బస్‌బార్లు (కరెంటు పారే లోహపు పట్టీలు) నల్లబడతాయి. ప్యానెల్‌లో స్పేస్ హీటర్ (లోపల వెచ్చగా ఉంచే చిన్న హీటర్) ఇచ్చేదే అందుకు. ఒక తాత్కాలిక కనెక్షన్ ఇస్తే చాలు. పూర్వం మేం లోపల ఒక 100 వాట్ల బల్బు వెలిగించి ఉంచేవాళ్లం. మోటారును నెలల తరబడి కదపకుండా ఉంచితే బేరింగులకు మచ్చలు పడతాయి, అప్పుడప్పుడూ షాఫ్టును చేత్తో తిప్పి పెట్టాలి. ట్రాన్స్‌ఫార్మర్ బ్రీదర్‌లో (అది గాలి పీల్చే గొట్టంలో) నీలం రంగు సిలికా జెల్ గులాబీ రంగుకు తిరిగిందంటే తేమ పీల్చేసిందని అర్థం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌కు షెడ్ల రేకులు లేచిపోయినప్పుడు, నేల మీద పెట్టినవి మునిగాయి, ఎత్తు దిమ్మల మీద పెట్టినవి మిగిలాయి. మా స్టోర్స్‌లో అప్పటి నుంచి ఏ పెట్టే నేలకు ఆనలేదు.

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. ఆటోనగర్‌లో ఒక ఖాళీ జాగాకు కాంక్రీటు వేసి, పైన కరెంటు తీగలు లేకుండా చూసి, ఉమ్మడి దింపుడు యార్డుగా ఇవ్వాలి. పరీక్ష సర్టిఫికెట్ అద్దానికి అంటించిన క్రేన్లనే అందులోకి రానివ్వాలి. అక్కడి నుంచి షెడ్డుకు చిన్న బండి మీద తీసుకెళ్లవచ్చు. అది కుదిరేదాకా, బడి పిల్లలు వెళ్లే వేళల్లో రోడ్డు మీద బరువులు ఎత్తకుండా పోలీసులు ఆపాలి. లైను కింద క్రేన్ లేపాలంటే ముందు రోజే కరెంటోళ్లకు చెప్పి ఎల్‌సీ (పని అయ్యేదాకా లైనులో కరెంటు ఆపే అనుమతి) తీసుకోవాలని నియమం పెట్టి, దాన్ని గట్టిగా అమలు చేయాలి. ఇందుకు పారిశ్రామికవాడ నిర్వాహకులు, నగరపాలక సంస్థ, విద్యుత్ అధికారులు ఒకసారి కలిసి కూర్చుంటే చాలు.

వచ్చే నెల మా వాడికి ప్యానెళ్లు వస్తున్నాయి. ఎల్‌సీకి కాగితం ఇచ్చేశాం. షాకిళ్లు, పక్కల నుంచి పట్టుకోవడానికి రెండు తాళ్లు కొన్నాం. దింపుడు పదకొండు గంటలకు పెట్టుకున్నాం. ఆ కుర్రాడికి బూట్లు కూడా కొనిచ్చాడు మా మేనల్లుడు, సైజు ఒకటి ఎక్కువైందట.

— ఒక విశ్రాంత స్టోర్స్ సూపర్‌వైజర్,
గాజువాక, విశాఖపట్నం