చెరువుల పుస్తకం పోయిందనుకున్న రాత్రి

హనుమకొండ,
ఆదివారం రాత్రి

ప్రియమైన రాజేందర్,

నీ ఉత్తరం అందిన మూడు వారాలకు జవాబు రాస్తున్నాను. తిట్టదలచుకుంటే తిట్టు, కాని కాజీపేట గొడుగు సంగతి మాత్రం మళ్లీ తేవద్దు. అమ్మ మోకాళ్లు కొంచెం నయం, చిన్నోడికి పరీక్షలు, ఇంటి పైకప్పు ఇంకా కారుతూనే ఉంది.

మీ బడి కంప్యూటర్లలో ఏది వేయించాలని అడిగావు. పదిహేను రోజుల కిందటైతే విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేయించు, డబ్బు దండగ చేయకు అని ఒక్క వాక్యం రాసి పంపేవాణ్ని. ఇప్పుడు అంత ధీమాగా రాయలేను.

బాపు ల్యాప్‌టాప్ నీకు తెలిసిందే, మూత తెరిస్తే ఎడ్లబండిలా మూలిగేది. విండోస్ 10కు మామూలుగా వచ్చే ఉచిత భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఇంటెల్ నాలుగో తరం ప్రాసెసర్ ఉన్న ఈ ముసలిదాన్ని విండోస్ 11 గడప తొక్కనివ్వదు. అందుకని చౌరస్తాలో పాత డిస్కు కంటే వేగంగా నడిచే 240 జీబీ ఎస్సెస్డీ, మరో 4 జీబీ ర్యామ్ కొని, పాత హార్డ్ డిస్కు ఊడదీసి, మింట్‌లో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకాన్ని ఎక్కించాను. ముందు పెన్ డ్రైవ్ నుంచే నడిపి, వైఫై, కెమెరా, శబ్దం పనిచేస్తున్నాయని తేల్చుకున్నాను. ప్రింటరు చూడడం మరిచాను, ఆ గొడవకు వేరే ఉత్తరం కావాలి. అర నిమిషంలో తెర వెలిగేసరికి బాపు "ఇది మన డబ్బానేనా?" అన్నాడు. నేను మన వార్డెన్‌లా ఛాతీ విరుచుకుని తిరిగాను.

ఆ గర్వం రాత్రి తొమ్మిదింటి వరకే. బాపు తన చెరువుల పుస్తకం తెరిచాడు. పాకాల, రామప్ప, లక్నవరం కట్టల మీద ఏళ్ల తరబడి తిరిగి, మత్తళ్లు దూకే తీరూ, తూముల కొలతలూ, చెరువు నీళ్లు వదిలే నీరటికాండ్లు చెప్పిన మాటలూ కూర్చుకున్న 140 పేజీలు అవి. మింట్‌లో రాతపనికి వాడే లిబ్రే ఆఫీసులో తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, నెత్తిన చుక్కలూ టోపీలూ ఉన్న వింత ఆకారాలు. తెలుగు ముక్క ఒక్కటి లేదు. బాపు అరవలేదు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "పోనీ తియ్, చేతితో రాసిన నోటుబుక్కులు అటక మీద ఉన్నయి గదా" అన్నాడు. రాజేందర్, ఆ నోటుబుక్కుల్లో సగం మొన్నటి వానకు... సరే, అది నేను ఆయనకు ఇంకా చెప్పలేదు.

రెండు గంటల దాకా కూర్చుంటే విషయం బోధపడింది. బాపు వాడిన పాత డీటీపీ (అచ్చుపని) ఫాంటులో, ఫైలు లోపల తెలుగు అన్నదే లేదు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన గళ్లలో తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు వంటి ముక్కల బొమ్మలు దూర్చారు. ఫాంటు ఉన్నంతసేపూ కంటికి తెలుగు, అది లేకపోతే ఆ ముసుగు జారి కింది ఇంగ్లీషు బయటపడుతుంది. ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే పద్ధతి యూనికోడ్, 1991లో దాని తొలి రూపం వచ్చిననాడే తెలుగుకు సొంత గళ్లు ఉన్నాయి, మనమే అందులోకి ఇల్లు మారలేదు. పాత డిస్కును యూఎస్‌బీ డబ్బాలో పెట్టి, అందులోని ఫాంటు ఫైలును మింట్‌లోకి తెచ్చి మళ్లీ తెరిచాను. మొదటి పేజీలో "పాకాల" అన్న మాట కనిపించగానే నా కళ్లలో నీళ్లు తిరిగాయి, నవ్వకు.

అంతటితో ఆగవచ్చు గాని, ఇంకో పదేళ్ల తరువాత ఆ ఫాంటు ఎవరి దగ్గర వెతకాలి? మార్పిడి ప్రోగ్రాముతో మొత్తం యూనికోడ్‌లోకి తెచ్చాను. వత్తులు కొన్నిచోట్ల పక్క అక్షరానికి తగులుకుని "రామప్ప" కాస్తా "రామ్పప" అయింది. బాపూ నేనూ రోజుకు నాలుగు పేజీల చొప్పున దిద్దుతున్నాము. తెలుగు ఫాంట్లలో పోతన అన్నది మింట్ భాండారంలోనే ఉచితంగా దొరికింది, తిరుమల కృష్ణ దేశికాచార్యులు చేసినది. "మన బమ్మెర పోతన్ననేనా?" అని బాపు మురిసిపోయి మరో ఫాంటు చూడనివ్వలేదు. ఆపైన వెతుకు గడిలో "తూము" అని కొట్టి, ఆ మాట ఉన్న చోటల్లా రంగు వెలగడం చూసి, ఒక్కొక్కటీ వేలితో లెక్కపెట్టాడు. తెలుగు కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక మీద మాత్రం రోజూ అలుగుతున్నాడు. అచ్చులు చాలావరకు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి ఇస్తే ఆయన పాత వేళ్లు ఒప్పుకోవడం లేదు.

కనుక మింట్ వేయించే ముందు, మీ తెలుగు సారు పాత ప్రశ్నపత్రాలు ఏ ఫాంటులో కొట్టాడో చూడు. యూనికోడ్ అయితే నిశ్చింతగా మార్చు. కాకపోతే పాత డిస్కులు ఎవరికీ ఇవ్వకు, ఆ ఫాంటు ఫైళ్లు వేరుగా దాచి, ముందు ఒక్క కంప్యూటరులో చేసి చూడు. ప్రింటరును కూడా పెన్ డ్రైవ్ నుంచి నడుపుతున్నప్పుడే తగిలించి...

బాపు ల్యాప్‌టాప్ అడుగుతున్నాడు, నాలుగో పేజీ ఇంకా మిగిలే ఉందట. ఉంటాను.

నీ
శ్రీను