మొదటిసారి వాయించారు సరే, రెండోసారి ఎప్పుడు?

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో కుర్ర కంపోజర్ల మీద వచ్చిన పేజీ చదివాను. పాశ్చాత్య క్లాసికల్‌లో ఇప్పుడు కొత్తగా రాస్తున్నవాళ్ళ గురించి తెలుగు పేపర్లో ఒక పేజీ రావడమే అరుదు, అందుకు ముందు థాంక్స్. క్లాసికల్ అంటే ఎప్పుడో పోయిన విగ్గుల పెద్దమనుషుల వ్యవహారం అనుకునేవాళ్ళకి, ఇవాళ కూడా పాతికేళ్ళ పిల్లలు కూర్చుని ఆర్కెస్ట్రాలకీ, నలుగురు వాయించే క్వార్టెట్లకీ కొత్త సంగీతం రాస్తున్నారని తెలియడం మంచిదే. కానీ పేజీ అంతా చదివాక చూస్తే అవార్డు, వయసు, ప్రీమియర్ (తొలి ప్రదర్శన), మళ్ళీ అవార్డు, ఇంతే ఉంది. ఇరవైరెండేళ్ళకే, పాతికేళ్ళకే, ముప్పై నిండకుండానే. ఒక అవార్డుకీ ఇంకో అవార్డుకీ మధ్య ఏం జరుగుతుందో ఒక్క ముక్క లేదు, అసలు బాధంతా అక్కడే ఉందండీ.

నేను సంగీతం మనిషిని కాదు. ముప్పై ఏళ్ళు డీటీపీ చేశాను, పేజీలు పెట్టడం, ప్రూఫులు చూడటం, అంతే. మా మేనకోడలు కంపోజిషన్‌లో మాస్టర్స్ చేసింది కాబట్టి ఈ లోకం కొంచెం దగ్గర్నుంచి చూశాను. తను ఐదు నెలలు కూర్చుని ఆర్కెస్ట్రాకి పది నిమిషాల పీసు రాసింది. పదే ఎందుకమ్మా అంటే కొత్తవాళ్ళకి అంతకంటే ఇవ్వరు మావయ్యా, కచేరీ మొదట్లో ఓ పది నిమిషాలు, ఆ తర్వాత జనం దేనికోసం టికెట్ కొన్నారో ఆ పాత సింఫనీ ఉంటుంది అంది. స్కోరు, అంటే అన్ని వాయిద్యాల స్వరాలూ ఒకచోట ఉండే కాగితాలు, రాసేస్తే పని అయిపోయినట్టే అనుకున్నా. కాదట, ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టర్ ముందుండే పెద్ద స్కోరు ఒకటి, అది కాక ఒక్కో వాయిద్యానికి విడివిడిగా పార్టులు, ఫ్లూట్ వాళ్ళది వాళ్ళకి, హార్న్ వాళ్ళది వాళ్ళకి, పెద్ద పబ్లిషర్ ఉంటే వాళ్ళు చూసుకుంటారు గానీ మొదట్లో ఎవరుంటారు, అన్నీ కంపోజరే తయారుచేసుకోవాలి. అదిగో అక్కడ నా పాత ఉద్యోగం పనికొచ్చింది. రెండు రాత్రులు ఇద్దరం కూర్చుని ప్రింట్లు తీసి, పేపర్ టేపుతో అంటించి, మడతలు పెట్టాం.

పేజీ ఎక్కడ అయిపోతుందన్నది నా లెక్కలో లేఅవుట్ సంగతి. వాళ్ళ లెక్కలో అది సంగీతం సంగతి. వయొలిన్ల వాళ్ళు, వాటికంటే కొంచెం పెద్దవైన వయోలాల వాళ్ళు ఒక్కో స్టాండు ముందు ఇద్దరిద్దరు కూర్చుంటారు, లోపలివైపు ఉన్నవాళ్ళు వాయించడం ఆపి పేజీ తిప్పాలి, కాబట్టి పేజీ చివర రెస్టు, అంటే వాయించకుండా ఆగే చోటు, లేకపోతే ఆ గుంపులో సగం శబ్దం టక్కున పోతుంది. ఇది తెలుసుకుని అన్ని పార్టులూ సర్దాం, వయోలా పార్టులో మూడో పేజీ ఒక్కటి మా కళ్ళు కప్పింది. తీరా రిహార్సల్లో మిగతావాళ్ళంతా ఆగి వయోలాలు మాత్రమే సన్నగా వాయించే చోట, పీసు మొత్తానికి ప్రాణం లాంటి చోట, నలుగురు ఒకేసారి విల్లు కింద పెట్టి కాగితం తిప్పారు. ఆ చప్పుడు వెనక వరసలో కూర్చున్న నాకు కూడా వినపడింది. కండక్టర్ ఆపాడు, ఏమైందో చూశారు, పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకున్నారు, ఆరు నిమిషాలు పోయాయి. ఆ పీసుకి ఇచ్చిన రిహార్సల్ టైమే మొత్తం పాతిక నిమిషాలు. చివరి రెండు నిమిషాల సంగీతం కచేరీకి ముందు ఒక్కసారే వాయించారు.

కచేరీ అయింది, చప్పట్లు కొట్టారు, ఫోటోలు దిగాం. ఆ తర్వాత మూడేళ్ళు ఆ పీసు ఇంకెక్కడా మోగలేదు.

ఎందుకని అడిగితే నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు. పోటీలకి పంపుదామంటే చాలావాటిలో ఇంతకుముందు ఎక్కడా వాయించని పీసే పంపాలని రూలు. ఆర్కెస్ట్రాలని అడుగుదామంటే వాళ్ళకి పోస్టర్ మీద వరల్డ్ ప్రీమియర్ అని వేసుకోవడం కావాలి, ఇంకొకళ్ళు వాయించేసిన దాని మీద ఆ మాట వేసుకోలేరు. పోనీ రికార్డింగ్ వినిపిద్దామంటే ఆర్కెస్ట్రా వాళ్ళు ఇచ్చింది నువ్వు వినడానికి మాత్రమే, బయట పెట్టకూడదు, వాయించినవాళ్ళ యూనియన్ ఒప్పందాలు అలా ఉంటాయి, అందులో వాళ్ళ తప్పూ లేదు. కానీ రికార్డింగ్ లేకపోతే తర్వాతి అప్లికేషన్ కదలదు. కంప్యూటర్ వాయించిన నకలు పంపొచ్చు గానీ, కంప్యూటర్ వయోలాకి ఊపిరి ఉండదు, పేజీ తిప్పే అవసరం అంతకన్నా ఉండదు. (పక్కన ఇంకో మాట, మా మేనకోడలు చిన్నప్పట్నుంచి స్కోర్లు రాసింది ఫైనేల్ సాఫ్ట్‌వేర్‌లో, 2024 ఆగస్టులో ఆ కంపెనీ ఇక దీన్ని అభివృద్ధి చేయం అని చెప్పేసింది, వందల పేజీలు డోరికో అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లోకి మార్చుకోవడం ఇప్పుడు ఇంకో పని. మేం పేజీలు పెట్టుకునే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ పోయినప్పుడు నేను పడ్డ బాధే.)

అంటే ప్రతిసారీ కొత్త పీసు రాయాలి, ఒకసారి వాయించాక బీరువాలో పెట్టాలి. ఇలా పదేళ్ళు గడిచాక ఆమె రాసినవి పదిహేను ఉంటాయి, రెండోసారి మోగినవి ఒకటో రెండో ఉంటాయి. మొదటి రిహార్సల్లో బయటపడ్డ తప్పు దిద్దుకుని మళ్ళీ వినే అవకాశం లేకపోతే మనిషి నేర్చుకునేది ఎలా చెప్పండి?

చిన్న వయసులోనే వెలిగినవాళ్ళు లేరని కాదు. బ్రిటిష్ కంపోజర్ జార్జ్ బెంజమిన్ సంగతే తీసుకోండి, 1980లో ఇరవై ఏళ్ళకి లండన్‌లో ఏటా వేసవిలో జరిగే ప్రామ్స్ కచేరీల్లో ఆయన ఆర్కెస్ట్రా పీసు వినిపించారు, ఆ కథ అందరూ చెప్తారు. ఎవరూ చెప్పనిది ఏంటంటే అది అప్పటికే ఆ మార్చిలో కేంబ్రిడ్జ్‌లో ఒకసారి మోగింది, ప్రామ్స్ ఆగస్టులో. ఆయన్ని లోకానికి చూపించింది తొలి ప్రదర్శన కాదండీ, తర్వాతది. అలాగే అమెరికన్ కంపోజర్ కరోలైన్ షా 2013లో ముప్పై ఏళ్ళకి అమెరికాలో ఇచ్చే పులిట్జర్ బహుమతి తీసుకుంది, సంగీతంలో అంత చిన్నవయసులో ఇంకెవరికీ రాలేదు. ఆ పీసు తను పాడే ఎనిమిది గొంతుల గుంపు కోసమే, కొన్ని వేసవుల పాటు ఒక్కో భాగం చొప్పున రాసుకుంది. పాడేవాళ్ళు పక్కనే ఉన్నారు, రాయడం, పాడి చూడటం, మార్చడం. పైగా కమిటీ చూసింది 2012లో బయటికొచ్చిన రికార్డింగ్‌ని.

అమెరికన్ కంపోజర్ ఫిలిప్ గ్లాస్ కూడా అంతే, 1968లో సొంత గుంపు పెట్టుకుని తన సంగీతం తనే మళ్ళీ మళ్ళీ వాయించాడు. 1976లో ఆయన ఆపెరా (సంగీత నాటకం) న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఆపెరా హౌస్‌లో ఆడింది, ఆ తర్వాత కూడా టాక్సీ నడిపాడు, నలభై ఒకటి వచ్చేదాకా సంగీతం మీద బతకలేదు, మధ్యలో ప్లంబింగ్ పనులు కూడా చేశాడు. మీ పేజీలో పెట్టిన లెక్క ప్రకారం అయితే నలభై అంటే ముసలివాడే.

అవార్డు వచ్చినా దారి తిన్నగా ఉండదు అనడానికి కంపోజర్ ఉన్సుక్ చిన్ కంటే ఉదాహరణ అక్కర్లేదు. సియోల్ నుంచి వచ్చిన అమ్మాయి, 1985లో నెదర్లాండ్స్‌లో కుర్ర కంపోజర్లకి ఇచ్చే గౌడెయామస్ ప్రైజు గెలిచింది, ఆ ఏడే హాంబర్గ్‌లో పేరున్న కంపోజర్ లిగెటీ దగ్గర చదువుకి చేరింది. ఆయన ఆ ప్రైజు పీసులన్నీ చూసి ఇవి సొంతవి కావు, పారెయ్యమన్నాడట. ఆ దెబ్బకి దాదాపు మూడేళ్ళు ఏమీ రాయలేకపోయింది. 1988లో బెర్లిన్ వెళ్ళి ఎలక్ట్రానిక్ స్టూడియోలో పనిచేసుకుంది. తర్వాత సొప్రానోకీ (పై స్థాయిలో పాడే ఆడగొంతు) ఒక చిన్న వాయిద్యాల గుంపుకీ ఒకటి రాసింది, 1991లో మొదటి రూపం వినిపించింది, పూర్తి రూపం 1993లో. తర్వాత అది ఎన్నో దేశాల్లో వాయించారు, ఆమె పేరు నిలబెట్టింది అదే. ఆ మూడేళ్ళ ఖాళీని ఇవాళ్టి అప్లికేషన్ ఫారంలో చూపిస్తే ఎవరైనా పక్కన పడేస్తారు.

వయసు పరిమితి మాట కూడా ఎత్తాలి. టోక్యోలో జపాన్ కంపోజర్ తకెమిత్సు పేరు మీద ఇచ్చే కంపోజిషన్ అవార్డు నాకు నచ్చుతుంది, ఏటా ఒక్కరే జడ్జి, ఆ ఒక్క కంపోజర్ చెవే తీర్పు, కమిటీలో రాజీ బేరాలు ఉండవు. కానీ దానికీ ముప్పై ఐదేళ్ళ హద్దు ఉంది, ఇలాంటి హద్దు సగం పోటీలకి ఉంటుంది. పిల్లల్ని కని పెంచినవాళ్ళు, ఉద్యోగం చేసి అప్పు తీర్చి ఆలస్యంగా మొదలెట్టినవాళ్ళు ఏం కావాలి? అమెరికన్ కంపోజర్ చార్ల్స్ ఐవ్స్ ఇన్సూరెన్స్ వ్యాపారం చేసుకుంటూ 1900ల మొదట్లో రాసిన మూడో సింఫనీని 1946లో మొదటిసారి వాయించారు, మరుసటేడు పులిట్జర్ ఇచ్చారు, అప్పటికి ఆయనకి డెబ్బై రెండు. అది గొప్ప కథ అని చాలామంది మురిసిపోతారు, నాకు మాత్రం సిగ్గుపడాల్సిన కథలా ఉంటుంది.

మంచి పనులు చేసేవాళ్ళు లేకపోలేదు. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా 2005 నుంచి పానుఫ్నిక్ స్కీం కింద ఏటా ఆరుగురు కొత్తవాళ్ళకి ఆర్కెస్ట్రాతో పనిచేసే అవకాశం ఇస్తోంది, చిన్న చిన్న పీసులే, కానీ వాయించేవాళ్ళ మధ్య నిలబడి ఇది కుదరదు, ఇలా రాయి అని వాళ్ళ నోటితోనే వినొచ్చు. పేజీ తిప్పే సంగతి నాలుగు పుస్తకాలు చదివినా రాదు, ఒక వయోలా ఆవిడ కోపంగా చూస్తే వస్తుంది.

కాబట్టి ఎడిటర్ గారూ, మీ విలేకరి ఈసారి ఇలాంటివాళ్ళతో మాట్లాడితే ఎన్ని అవార్డులు వచ్చాయని అడిగే ముందు ఏ పీసు ఎన్నిసార్లు వాయించారు, రిహార్సల్‌కి ఎంత టైం ఇచ్చారు, రికార్డింగ్ చేతికిచ్చారా అని అడగమనండి. ఆ జవాబులు కూడా అచ్చువేయండి, ఫోటో కొంచెం చిన్నది చేసైనా సరే.

మా మేనకోడలి సంగతి అంటారా, ఆ పీసులోంచి వయోలా భాగం తీసి ఆరుగురు వాయించేలా మళ్ళీ రాసింది, ఫ్రెండ్స్ గుంపు ఒకటి వచ్చే నెల వాయిస్తోంది. పార్టులు మొన్న నాకు పంపింది. మూడో పేజీ చివర రెండు బార్ల రెస్టు పెట్టింది, దాని కింద పెన్సిల్‌తో "మావయ్య కోసం" అని రాసింది.

ఇట్లు,
మీ పాత పాఠకుడు